1942 విశాఖ బాంబు దాడి: నిఘా ఫైళ్లు ఎక్కడ దొరుకుతాయి?

అందరికీ నమస్కారం. 1942 ఏప్రిల్ 6న విశాఖ, కాకినాడల మీద బాంబులేసిన జపాన్ విమానాలు ర్యూజో అనే చిన్న విమానవాహక నౌక నుంచి వచ్చాయి. ఏప్రిల్ 4న సిలోన్‌కి దక్షిణాన గస్తీ తిరుగుతున్న కాటలీనా విమానం జపాన్ అడ్మిరల్ నగుమో నౌకాదళాన్ని చూసి, కూలిపోయేలోపే వైర్‌లెస్‌లో కబురు పంపింది. కానీ బంగాళాఖాతంలోకి దూరింది ర్యూజో ఉన్న మరో జపాన్ అడ్మిరల్ ఒజావా దళం. దాని గురించి మన తీరానికి ముందే హెచ్చరిక అందిందా? నాకైతే అనుమానమే. పెద్దవాళ్ల కబుర్లు మా ఇంట్లో బోలెడున్నాయండీ, నాకు కావాల్సింది కాగితం. లండన్ నేషనల్ ఆర్కైవ్స్‌లో ఎయిర్ 40 అనే వరుసలో బ్రిటిష్ వైమానిక నిఘా ఫైళ్లున్నాయి. ఎవరైనా చూశారా? ఇక్కడినుంచి స్కాన్ కాపీలు తెప్పించుకోవడం ఎలా? ఢిల్లీలో అయితే ఏ శాఖ ఫైళ్లు అడగాలి?