ఏప్రిల్ ఆఖర్లో టాహో: కొత్తవాళ్లు స్కీయింగ్ నేర్చుకోవడానికి మంచి టైమా, డబ్బు దండగా?

ఫ్రీమాంట్_సుబ్బు
అందరికీ నమస్కారం. మా ఆవిడ, పదేళ్ల మా అమ్మాయి ఇంతవరకు స్కీలు ఎక్కలేదు. ఏప్రిల్ ఆఖరి శనివారం స్కీయింగ్‌కి కాలిఫోర్నియా కొండల్లో ఉన్న టాహో వెళ్దామని ప్లాన్. ఆఫీసులో స్కీయింగ్ బాగా వచ్చిన ఫ్రెండ్ ఒకడు "ఇప్పుడా? అది మంచు కాదు, బురద. జనవరిలో వెళ్లండి" అని తేల్చేశాడు. నాకేమో జనవరిలో దారిలో వచ్చే డానర్ సమ్మిట్ కనుమ దగ్గర రోడ్డు పక్కన కూర్చుని టైర్లకి గొలుసులు కట్టడం కన్నా ఇదే నయం అనిపిస్తోంది. కానీ మధ్యాహ్నం వెబ్‌క్యామ్‌లో చూస్తే కింద అక్కడక్కడా మట్టి కనబడుతోంది. పగలు 55 ఫారెన్‌హీట్ అంటున్నారు. వెళ్లమంటారా, మానుకోమంటారా?

కొండగాలి
నిక్షేపంగా వెళ్లండి. నేను నేర్చుకున్నదే ఏప్రిల్‌లో. కొత్తవాళ్లు రోజంతా చేసే పని ఒక్కటే, పడటం. జనవరి పొద్దున గట్టిపడిన మంచు మీద పడితే గచ్చు మీద పడ్డట్టు ఉంటుంది, తుంటి వారం నొప్పెడుతుంది. ఏప్రిల్‌లో పడితే తడుస్తారు, అంతే. పైగా మెత్తటి మంచు మిమ్మల్ని పరిగెత్తనివ్వదు, మీకు ఆగడం రాకపోయినా అదే ఆపుతుంది. పిల్లల వేళ్లు కొంకర్లు పోవు. కొండ పైకి తీసుకెళ్లే లిఫ్ట్ దగ్గర క్యూ ఉండదు. మధ్యాహ్నం ఎండలో కూర్చుని పులిహోర డబ్బా తీయొచ్చు. జనవరిలో అదే డబ్బా తీస్తే పోపులో పల్లీలు కూడా బిగుసుకుపోయి ఉంటాయి.

మోకాలు_బాధితుడు
పైన చెప్పిన "అదే ఆపుతుంది" అనే మాట దగ్గరే నాకు పేచీ. ఆపుతుంది నిజమే, స్కీని. మనిషిని కాదు.

రెండేళ్ల క్రితం, మే మొదటి వారం, మధ్యాహ్నం రెండున్నర. నా స్పీడు నడక కంటే కొంచెం ఎక్కువ. కుడి స్కీ ముద్దలాంటి మంచులో కూరుకుపోయింది. నేను తిరిగాను, అది తిరగలేదు. లోపల టప్ మన్న చప్పుడు నాకు వినబడింది. ఏసీఎల్ అనే మోకాలి లిగమెంటు తెగింది. ఆపరేషన్, తొమ్మిది నెలల ఫిజియో.

బూటుని స్కీకి పట్టి ఉంచే బైండింగ్ ఊడలేదా అని అందరూ అడుగుతారు. ఊడలేదు. మీ బరువు, ఎత్తు, వయసు, బూటు అడుగు పొడవు, మీరు ఎలా స్కీ చేస్తారన్నది చూసి దాన్ని సెట్ చేస్తారు. అది ముఖ్యంగా కాలి ఎముక విరగకుండా కాపాడేది. నెమ్మదిగా మెలిపడితే మోకాలి లోపలి నరాన్ని, అదే లిగమెంటుని, కాపాడుతుందన్న గ్యారంటీ లేదు. గట్టి మంచు మీద స్కీ జారి పక్కకి పోతుంది, మీరూ దాంతో పోతారు. తడి మంచులో అది పాతేసినట్టు నిలబడిపోతుంది. పదేళ్ల పిల్లకి ఫర్వాలేదేమో గానీ, మీ ఆవిడ గురించి ఆలోచించుకోండి.

సగ్గుబియ్యం
నెల గురించి కొట్టుకోవడం ఆపి గడియారం చూడండి. మీరిద్దరూ చెప్పేది నిజమే. కాకపోతే ఒకరు పదకొండు గంటల మంచు గురించి, ఇంకొకరు రెండున్నర మంచు గురించి మాట్లాడుతున్నారు.

ఈ రోజుల్లో పగలు ఎండకి పైపొర కరిగి, రాత్రి మళ్లీ గడ్డకడుతుంది. కొన్నాళ్లు ఇలాగే జరిగితే సన్నటి రేకుల్లాంటి మంచు పోయి గుండ్రటి గింజలు మిగులుతాయి. ఇక్కడివాళ్లు కార్న్ అంటారు. నాకు మాత్రం సగ్గుబియ్యమే కనబడుతుంది, పేరు కూడా అందుకే పెట్టుకున్నా. (మన భాషలో స్నోకీ, ఐస్‌కీ, పొద్దున్నే కురిసే తేమకీ కూడా మంచే. ఇలాంటి చర్చల్లో ప్రాణం మీదికొస్తుంది.) తెల్లారేసరికి ఆ గింజలన్నీ అతుక్కుపోయి నాపరాయిలా ఉంటాయి, స్కీ అంచు దిగదు. ఎండ తగిలాక పైన అంగుళం, రెండంగుళాలు విడిపోతాయి, అడుగు గట్టిగానే ఉంటుంది. కొత్తవాళ్లకి అంతకన్నా మంచి మంచు దొరకదు. ఇంకో గంటో రెండు గంటలో పోతే అడుగు కూడా వదులైపోయి సగ్గుబియ్యం కాస్తా పాయసం అవుతుంది. మీ ఫ్రెండు బురద అన్నది దాన్నే.

అందరూ చూసేది పగటి టెంపరేచర్. చూడాల్సింది ముందు రాత్రిని, మబ్బుని. ఆకాశం తేటగా ఉంటే మంచు తన వేడిని పైకి వదిలేస్తుంది, గాలి, నీళ్లు గడ్డకట్టే 32 ఫారెన్‌హీట్ కన్నా రెండు మూడు డిగ్రీలు ఎక్కువున్నా సరే పైపొర గట్టిపడుతుంది. మబ్బు పట్టిందంటే దుప్పటి కప్పినట్టే. అలాంటి రోజు పొద్దున ఎనిమిదికే పాయసం. ఇంట్లోనే ఉండండి.

ఇంకొకటి. తూర్పు వాలు ముందు మెత్తబడుతుంది, తర్వాత దక్షిణం, ఆ తర్వాత పడమర. ఎండ వెనకాలే తిరిగితే ఓ రెండు గంటలు అదనంగా దక్కుతాయి. కొత్తవాళ్లకి ఆ అవకాశం తక్కువే, వాళ్లకి ఇచ్చేది ఒక్క వాలే కదా.

మోకాలు_బాధితుడు
@సగ్గుబియ్యం, ఆ చివరి వాక్యంలోనే ఉంది నా వాదనంతా. చాలా రిసార్టుల్లో కొత్తవాళ్ల వాలు ఎక్కడుంటుంది? అన్నిటికన్నా కింద, పార్కింగ్ పక్కన. ముందు పాడయ్యేది అదే. పైన 9,000 అడుగుల దగ్గర మీ సగ్గుబియ్యం బ్రహ్మాండంగా ఉండొచ్చు, సుబ్బు గారి కుటుంబం అక్కడికి వెళ్లదు.

సగ్గుబియ్యం
ఒప్పుకుంటా. అందుకే బిగినర్ ఏరియా పైన ఉన్న చోటికి వెళ్లాలి. టాహోలోని పాలిసేడ్స్ రిసార్టులో హై క్యాంప్ అనే చోటు సుమారు 8,200 అడుగుల మీద ఉంది, కొండ కింద 6,200. ఆ 2,000 అడుగులు చాలా తేడా తెస్తాయి. ఏ లిఫ్టులు నడుస్తున్నాయో, కొత్తవాళ్లకి క్లాసులు ఉన్నాయో లేదో మాత్రం ముందే ఫోన్ చేసి కనుక్కోండి. సీజన్ చివర్లో సగం మూసేస్తారు.

పాలమూరు_పిల్లగాడు
అన్నా, నేను డెన్వర్ దగ్గర ఉంట. మా దగ్గరి అరాపహో బేసిన్ స్కీ రిసార్టుల కొండ కిందనే 10,780 అడుగులు. మే నెలల గూడ మస్తు నడుస్తది. పార్కింగ్ పక్కనే గ్రిల్ పెట్టి, కుర్చీలేసుకొని కూసుంటరు, దాన్ని బీచ్ అంటరు. ఏప్రిల్ అంటే చెడ్డది అని ఒక్క మాటల కొట్టేస్తే ఎట్ల? ఏ కొండ, ఎంత ఎత్తు, ఏ సంవత్సరం అని అడగాలె. 2023ల మీ పాలిసేడ్స్ జూలై 4 దాకా నడిచింది కద.

హైదరాబాద్_చలి
జనవరి అంటే మంచు గ్యారంటీ అనుకునేవాళ్లకి ఒక్క మాట. 2024 జనవరిలో గుల్‌మార్గ్ వెళ్లాం. నెల ఆఖర్లో గానీ మంచు పడలేదు. మేం వెళ్లినప్పుడు గడ్డి మీద గుర్రం ఎక్కి ఫోటోలు దిగి వచ్చాం.

శాక్రమెంటో_సిస్టర్
నర్సుని, అందుకే చెబుతున్నా. ఏప్రిల్ ఎండ జనవరి ఎండ కాదు. మంచు మీద పడి పైకి కూడా కొడుతుంది కాబట్టి గడ్డం కింద, ముక్కు రంధ్రాల అంచున కూడా సన్‌స్క్రీన్ రాయండి. మనది చామనచాయ, మనకేం కాలదు అనుకోవద్దు. పాపకి గాగుల్స్ తీయనివ్వకండి. కళ్లు కమిలితే ఆ రాత్రంతా ఇసుక పోసినట్టు మండుతాయి.

ఫ్రీమాంట్_సుబ్బు
వెళ్లొచ్చాం. ఇంతమంది శ్రమపడి రాశారు, ఏం జరిగిందో చెప్పకపోతే బాగుండదు.

శుక్రవారం రాత్రి ఆకాశం తేటగా ఉంది, 30కి దిగింది. ఎనిమిదిన్నరకి బూటుతో తన్ని చూశా, రాయి. కాఫీ తాగుతూ కూర్చున్నాం. పదింపావుకి చూస్తే మడమ అంగుళం దిగింది. సగ్గుబియ్యం గారూ, గుప్పిట్లోకి తీసుకుంటే నిజంగా గింజలు గింజలుగా రాలిందండీ! పన్నెండు దాకా ఇద్దరూ బాగా చేశారు. మా ఆవిడ లెక్క ప్రకారం పద్నాలుగుసార్లు పడింది, ఒక్క దెబ్బ లేదు.

పన్నెండున్నరకి చెట్ల నీడలోంచి ఎండలోకి వచ్చే చోట మా ఆవిడ స్కీలు టక్కున ఆగాయి, మనిషి ఆగలేదు. మొహం కిందకి పెట్టి పడింది. అద్దె షాపుకి పట్టుకెళ్తే స్కీల అడుగున, జారడానికి రాసే వ్యాక్స్ (మైనం) ఆనవాలే లేదు. "చివరి వారాల్లో ఎవరూ అడగరండీ" అన్నాడు ఆ కుర్రాడు. ఐదు నిమిషాల్లో వేసిచ్చాడు, మళ్లీ జారాయి. నీళ్లు ఎక్కువైతే స్కీ అడుగు మంచుకి అతుక్కుపోతుందట, తడిసిన గాజుపలకలు రెండు అంటుకున్నట్టు. ఈ సీజన్లో వెళ్లేవాళ్లు షాపులోంచి కదిలేముందే వ్యాక్స్ గురించి అడగండి.

కాబట్టి ఏప్రిల్ మంచిదే అని నా ఓటు.

మోకాలు_బాధితుడు
సంతోషం. కానీ మీరు పన్నెండున్నర తర్వాత ఎంతసేపు చేశారు? త్వరగా ఆపేసి ఉంటే అది నా వైపు సాక్ష్యమే.

ఫ్రీమాంట్_సుబ్బు
వ్యాక్స్ వేశాక ఒక్క రౌండు, అంతే. ఆపింది నేను కాదండీ, మా అమ్మాయికి ఆకలేసింది.

కొండగాలి
పులిహోరేనా?

ఫ్రీమాంట్_సుబ్బు
పెరుగన్నం. ఎండలో ఉంచేసరికి పులిసిపోయింది.