ఎనుము ఎదకొచ్చేది మాకు తెలీడం లేదు, మీరెలా కనిపెడుతున్నారు?

పలమనేరు_పాడి
అందరికీ నమస్కారం. మాది పలమనేరు పక్కన పల్లె. రెండు సీమావులు, ఒక ముర్రా ఎనుము (గేదె) ఉన్నాయి. ఆవులతో ఇబ్బంది లేదు, ఎదకొస్తే వీధంతా వినబడేలా అరుస్తాయి, పక్కదాని మీదికెక్కుతాయి, పాలకేంద్రానికి పోతూ ఒక ఫోన్ చేస్తే చూడి కట్టడానికి వీర్యం సూది వేసే ఆయన వచ్చి వేసిపోతాడు. ఎనుముతోనే బాధ. మార్చిలో ఈనింది, ఇప్పుడు నవంబరు, ఎనిమిది నెలలైనా ఒక్కరోజు కూడా ఎద లక్షణం కంటబడలేదు. అనుమానం మీద రెండుసార్లు సూది వేయించాను, రెండుసార్లూ నిలవలేదు. ఒకాయన వచ్చి చూసి ఇది గొడ్డుపోయింది, సంతకు తోలేయమన్నాడు. పూటకు ఐదు లీటర్లు ఇచ్చిన ఎనుము. మా అమ్మ దానికి నీళ్ళు పెట్టకుండా తాను కాఫీ తాగదు. దాన్ని ఎట్లా అమ్మేది? మీ ఇళ్ళల్లో ఎట్లా కనిపెడుతున్నారో చెప్పండి, చిన్న విషయమైనా సరే.

వెటర్నరీ_తిరుపతి
అన్నా, నేను తిరుపతిలో వెటర్నరీ చదువుతున్నాను, ఆఖరి సంవత్సరం. ముందు ఒక మాట, డాక్టరుతో అండాశయాలు, గర్భసంచి పరీక్ష చేయించకుండా గొడ్డుపోయిందని ఎవరు చెప్పినా నమ్మొద్దు. మీరు చెప్పేది మూగ ఎద లాగా ఉంది. లోపల 21 రోజులకోసారి జరగాల్సింది జరుగుతూనే ఉంటుంది, పైకి మాత్రం ఏమీ చూపించదు. ఎనుముల్లో ఇది చాలా మామూలు. ఆవుల్లా ఒకదాని మీదికి ఒకటి ఎక్కడం వీటిలో తక్కువ, అరవడం కూడా కొన్నే అరుస్తాయి, పైగా ఎద ఎక్కువగా రాత్రిపూట, తెల్లవారుజామున బయటపడుతుంది, మనం పాలు పిండుకుని వచ్చేసరికి అంతా సర్దుకుని ఉంటుంది. ఎండాకాలంలో ఇంకా కష్టం, నల్లటి తోలు, చెమట గ్రంథులు తక్కువ, ఒంట్లో వేడి బయటికి పోదు కాబట్టి ఎదలు అణిగిపోతాయి. ఇప్పుడు పొద్దు తగ్గి చలి మొదలైంది, ఎనుములు కట్టే కాలం ఇదే, కాబట్టి ఇప్పుడే పట్టుకోవాలి.

అనుమానం మీద వేసిన సూది ఎందుకు నిలవదో కూడా చెప్తాను. గుడ్డు ఎద నడుస్తుండగా రాదు, ఎద తగ్గాక దాదాపు 10 నుంచి 14 గంటలకు విడుదలవుతుంది. విడుదలయ్యాక అది బతికేది కొన్ని గంటలే. సూదితో వేసిన వీర్యకణాలు సుమారు ఒక రోజు ఉంటాయి. అందుకే పొద్దున ఎద కనిపిస్తే సాయంత్రం, సాయంత్రం కనిపిస్తే మర్నాడు పొద్దున వేయించమంటారు. ఒక్కరోజు అటూ ఇటూ అయితే ఆ 21 రోజులు పోయినట్టే.

ఎనుముల_అక్క
నాకు చదువు లేదు, ముప్ఫై ఏళ్ళుగా ఎనుముల మధ్యే ఉన్నాను, నేను చేసేది చెప్తాను నాయనా. రాత్రి పదింటికి ఒకసారి, తెల్లవారి నాలుగున్నరకు ఒకసారి టార్చి తీసుకుని కొట్టంలోకి పో. దాన్ని లేపొద్దు. పడుకున్న ఎనుము వెనకాల నేల చూడు. ఎదలో ఉంటే పడుకున్నప్పుడే తీగ జారి ఉంటుంది, కోడిగుడ్డు తెల్లసొన మాదిరి, వేలితో ఎత్తితే తెగకుండా సాగుతుంది. లేచి నిలబడితే ఏమీ కనిపించదు, తెల్లారి పేడ ఎత్తేటప్పుడు అదీ కలిసిపోతుంది, అందుకే నీకు కంటబడలేదు. తీగ ఎండితే తోక కింద వెంట్రుకలు అట్టగట్టి ఉంటాయి, అది కూడా చూడు. తీగ తెల్లగా, చీము మాదిరి, వాసనగా ఉంటే మాత్రం ఎద కాదు, లోపల పుండు. దానికి సూది వేయిస్తే దండగ, డాక్టరుకు చూపించాలి.

ఇంకొకటి. ఊళ్ళో ఎవరిదైనా దున్నపోతు ఉంటే దాన్ని ఒకసారి తోలుకొచ్చి దూరంగా కట్టు. నువ్వు ఎనుమును చూడొద్దు, దున్నను చూడు. ఎనుము మూత్రం పోసిన చోట ముట్టె పెట్టి, తలెత్తి, పై పెదవి ముడిచి, చిగుళ్ళు కనిపించేలా అట్లే నిలబడిపోతుంది, ఊపిరి బిగబట్టినట్టు. మామూలు రోజుల్లో కూడా చేస్తుంది, ఎద రోజు వదలకుండా మళ్ళీ మళ్ళీ చేస్తుంది. మనకు తెలియంది దానికి తెలిసిపోతుంది.

పలమనేరు_పాడి
అక్కా, నేల చూడాలని నాకు ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు. నేను పగలు దాని ముఖమే చూస్తున్నాను. ఆ పెదవి ముడిచేది మా అత్తగారి ఊళ్ళో చూశాను, దున్న నవ్వుతోంది అంటారు పిల్లలు. అది అట్లా ఎందుకు చేస్తుంది?

వెటర్నరీ_తిరుపతి
అది వాసనను అంగిట్లోకి పంపుకునే పద్ధతి అన్నా. ఆవుకైనా ఎనుముకైనా పైదవడ ముందు పళ్ళు ఉండవు కదా, అక్కడ గట్టి మెత్త లాంటిది ఉంటుంది. దాని వెనకే అంగిట్లో రెండు సన్నటి రంధ్రాలు ఉంటాయి, అవి ముక్కు అడుగున ఉన్న ఇంకో వాసన అవయవంలోకి పోతాయి. జాకబ్సన్ అవయవం అంటారు. పెదవి ముడిచి ముక్కు మూసుకున్నప్పుడు మూత్రంలోని తడి అక్కడికి చేరుతుంది. మామూలు ముక్కు గాల్లో తేలే వాసన పడుతుంది, ఇది నాలుకకో పెదవికో అంటిన తడిని చదువుతుంది. పొట్టేలు, మేకపోతు, గుర్రం కూడా ఇదే పని చేస్తాయి. పెద్ద ఫారాల్లో వీర్యనాళాలు కోసేసిన దున్నను మందలో తిప్పుతారు, దాటుతుంది కానీ చూడి కట్టదు, ఎద పట్టుకోవడానికి మాత్రమే.

పట్టు_కుప్పం
నేను పాడి మనిషిని కాదు, మల్బరీ తోట, పట్టుపురుగులు. అయినా ఈ వాసన మాట చదివి రాయకుండా ఉండలేకపోతున్నాను. నేను కొన్నేళ్ళు పట్టుగుడ్లు తయారుచేసే కేంద్రంలో పనిచేశాను. తెల్లవారుజామున గూళ్ళలోంచి చిలుకలు, అంటే రెక్కలొచ్చిన పట్టుపురుగులు, బయటికొస్తాయి. ఆడది లావుగా, కదలకుండా కూర్చుని, తోక చివర రెండు చిన్న పసుపు బుడగల్లాంటివి బయటికి పెడుతుంది. అంతే, ఇంకేమీ చేయదు. అప్పటిదాకా పళ్ళెంలో రాళ్ళ మాదిరి పడున్న మగవి ఒక్కసారిగా రెక్కలు టపటపలాడిస్తూ గిరగిరా తిరుగుతూ సరిగ్గా ఆడదాని దగ్గరికే పోతాయి. ఎగరలేవు పాపం, వేల ఏళ్ళు మనుషుల చేతిలో పెరిగి ఎగరడం పోయింది. నోరు కూడా పనిచేయదు, ఆ నాలుగైదు రోజులూ తిండి లేదు, జతకట్టడం, గుడ్లు పెట్టడం, అంతే బతుకు. ఒకరోజు ఆడవాటిని తీసేసిన ఖాళీ కాగితం పొరపాటున మగవాటి పక్కన పెట్టాను. ఆ కాగితం మీదే తిరిగాయి, కాగితంతోనే జతకట్టబోయాయి. అప్పటి నుంచి నాకు అర్థమైంది, వాటికి ఆడది అంటే కంటికి కనిపించే పురుగు కాదు, ఆ వాసనే.

ఆ వాసన ఏంటో 1959లో జర్మనీలో బుటెనాంట్ అనే శాస్త్రవేత్త తేల్చాడు. దానికోసం ఐదు లక్షల ఆడ చిలుకలు కావాల్సొచ్చాయి, దాదాపు ఇరవై ఏళ్ళు పట్టింది. పేరు బాంబికాల్. ప్రపంచంలో మొట్టమొదట గుర్తించిన ఇలాంటి వాసన అదే. మగదాని మీసాలు చూడండి, దువ్వెన మాదిరి ఉంటాయి, ఆ పళ్ళ మీద వేలాది సన్నటి వెంట్రుకలు ముఖ్యంగా ఆ వాసన పట్టడానికే ఉన్నాయి.

మామిడి_బంగారుపాళ్యం
అయితే మా తోటలో పెట్టే బుట్టలు కూడా ఇదే కథ. తోతాపురి కాయ పక్వానికొచ్చే ముందు పండు ఈగకు బుట్టలు కడతాం, లోపల మిథైల్ యూజినాల్ అనే వాసన మందులో నానబెట్టిన చెక్కముక్క. సాయంత్రానికి బుట్ట నిండా ఈగలు, అన్నీ మగవే. మొదట్లో నేను కూడా ఈగలన్నీ చస్తున్నాయి కదా, కాయకు ఇంక భయం లేదనుకున్నాను. కాదు. కాయకు సూది గుచ్చి తొక్క కింద గుడ్లు పెట్టేది ఆడది, అది ఈ బుట్టకు రాదు. మగవి లేకపోతే ఆడదానికి జత దొరకదు, పురుగు పట్టే గుడ్డు ఉండదు, అదీ లెక్క. అందుకే కాయ తీసే వారం ముందు కట్టి లాభం లేదు, చాలా ముందే కట్టాలి, చుట్టుపక్కల తోటలవాళ్ళు కూడా కట్టాలి, లేదంటే పక్క తోటలో జతకట్టిన ఆడవి మన తోటకొస్తాయి. ఈ వాసన తులసిలో కూడా ఉంటుంది. పూర్వం తులసాకు నలిపి బుట్టలో వేసేవాళ్ళు. మగ ఈగ దాన్ని తిని, ఒంట్లో మార్చుకుని, ఆడదాన్ని పిలిచే వాసనగా వాడుకుంటుంది.

రాత్రి_కాపలా
మాది కౌండిన్య అడవి అంచు, చెరుకు, వరి. 1980లలో తమిళనాడు, కర్ణాటక వైపు నుంచి ఏనుగులు ఇటు వచ్చినప్పటి నుంచి కాపలా లేని పంట లేదు. మంచె మీద కూర్చుని చాలాసార్లు చూశాను, ఒంటరి మగ ఏనుగు నడుస్తూ నడుస్తూ మంద పోయిన దారిలో ఆగి, తొండం కొన నేలకు ఆనించి, ఆ కొనను మడిచి నోట్లో పైకి పెట్టుకుంటుంది. అక్క చెప్పిన దున్న పనే ఇది కూడా. ఆడ ఏనుగు ఈనడానికి దాదాపు 22 నెలలు, ఆ తర్వాత ఏళ్ళ తరబడి పాలు, అంటే ఒక ఆడది జతకు సిద్ధమయ్యేది నాలుగైదేళ్ళకు కొన్ని రోజులే. ఆ కొన్ని రోజులు పట్టుకోవాలంటే మగదానికి ఆ ముక్కు ఉండాల్సిందే.

వెటర్నరీ_తిరుపతి
అన్నా, మీరూ కుప్పం అన్నా రాసింది కలిపి చదివితే ఒకటి గుర్తొచ్చింది. జతకు సిద్ధంగా ఉన్న ఆసియా ఏనుగు మూత్రంలో మగదాన్ని పిలిచే పదార్థం ఏమిటో 1996లో బయటపెట్టారు. అది చాలా రకాల రెక్కల పురుగుల్లో ఆడవి మగవాటిని పిలవడానికి వదిలే పదార్థమే! పట్టుచిలుకది వేరే, కానీ వందకు పైగా ఇతర జాతుల చిలుకలు వాడేది ఇదే. నాలుగు టన్నుల జంతువూ, గోరంత పురుగూ ఒకే మాట పట్టుకుని పిలుస్తున్నాయి. మా క్లాసులో ఇది విన్నరోజు నాకు రాత్రి నిద్ర పట్టలేదు.

పాముల_తిరుపతి
నేను శేషాచలం కింద కాలనీల్లో పాములు పట్టి అడవిలో వదిలే పని చేస్తాను. నాలుక గురించి ఒక ముక్క. పాము నాలుక రెండుగా చీలి ఉండేది విషానికి కాదు. రెండు కొనలకూ అంటిన వాసన అంగిట్లో అదే జాకబ్సన్ అవయవానికి పోతుంది, ఎడమ కొనకు ఎక్కువ తగిలితే ఆడపాము ఎడమకు పోయిందని లెక్క. అట్లా జాడ పట్టుకుని పోతుంది. మనవాళ్ళు సయ్యాట అని కొత్త గుడ్డ పరిచి దండం పెట్టేది చూశాను, రెండు పెద్ద పాములు మెలికపడి నిలువుగా లేచి ఉంటాయి. అవి జతకట్టడం లేదు. ఎక్కువగా రెండు మగ జెర్రిపోతులు, ఆడదాని కోసం బలం చూసుకుంటున్నాయి, ఓడిందెవరో తేలగానే విడిపోతాయి. జెర్రిపోతు నాగుపాముతో కలుస్తుందనేది కూడా నిజం కాదు. దయచేసి దగ్గరికి పోవద్దు, కొట్టొద్దు.

గొర్రెల_మదనపల్లె
నాది ఈనిన తర్వాతి మాట. గొర్రె పిల్ల వేసిన మొదటి గంట రెండు గంటల్లో తల్లి దాన్ని నాకి నాకి వాసన పట్టేసుకుంటుంది, ఆ తర్వాత వేరే పిల్ల పొదుగు కింద దూరితే తలతో పొడుస్తుంది. తల్లి చచ్చిన పిల్లను ఇంకో గొర్రెకు అంటగట్టాలంటే, ఆ గొర్రెకు చచ్చిపోయిన సొంత పిల్ల తోలు ఈ పిల్ల వీపున కట్టేవాడు మా నాయన. రెండు మూడు రోజులకు ఒప్పుకునేది. ఎనుము దూడ చచ్చిపోతే తోలులో గడ్డి కూరి ముందు పెట్టేవాళ్ళు, అది నాకితేనే పాలు చేపేది. కళ్ళు లేని గడ్డిబొమ్మను చూసి చేపుతుందా? వాసనకే. మా నాయన ఇంకొకటి కూడా చెప్పేవాడు, విత్తనపు పొట్టేలును నెల రోజులు మందకు దూరంగా కట్టి ఒక్కసారిగా వదిలితే, అణిగి ఉన్న గొర్రెలు కూడా ఎదకొస్తాయని. అది నిజమే, ప్రతి ఏడూ చేస్తాను.

ఎనుముల_అక్క
పాములు, ఏనుగులు బాగున్నాయి గానీ ఆ అబ్బాయి ఎనుము ఏమైందో ఎవరూ అడగరేం. నాయనా, రాత్రి లేస్తున్నావా?

పలమనేరు_పాడి
లేస్తున్నాను అక్కా. డాక్టరుకు కూడా చూపించాను, గర్భసంచి బాగుంది, ఖనిజ లవణాల మిశ్రమం రోజూ పెట్టమన్నాడు, నులిపురుగుల మందు వేశాడు. పదకొండు రోజులు ఏమీ లేదు. డిసెంబరు 1 రాత్రి పదింటికి కూడా నేల పొడిగానే ఉంది. 2వ తేదీ తెల్లవారి నాలుగూ ఇరవైకి మా అమ్మే ముందు చూసింది. టార్చి వెలుగులో గచ్చు మీద మూరెడు తీగ, గాజు మాదిరి మెరుస్తోంది. ఎనుము మాత్రం మామూలుగా నెమరు వేసుకుంటూ పడుకుంది, అరుపు లేదు, కదలిక లేదు. పక్కింటివాళ్ళ దున్నను తోలుకొస్తే వాకిట్లోనే పెదవి ముడిచింది, కొట్టందాకా రాకముందే. సాయంత్రం ఐదున్నరకు సూది వేయించాను.

పలమనేరు_పాడి
21 రోజులకు, అంటే 23న, ముందు రెండు రాత్రులు, తర్వాత రెండు రాత్రులు కాపలా ఉన్నాం, తిరిగి పొర్లలేదు, అంటే మళ్ళీ ఎదకు రాలేదు. అయినా మూగది కదా, నమ్మకం లేక ఎవరికీ చెప్పలేదు. ఈరోజు ఫిబ్రవరి 20, డాక్టరు చెయ్యి పెట్టి చూశాడు. నిలిచింది. మా అమ్మ అక్కడే కూర్చుని దాని గంగడోలు నిమురుతూ ఏడ్చింది.

ఎనుముల_అక్క
చల్లని మాట చెప్పావు. ఎనుముకు పది నెలల పది రోజులు, తేదీ లెక్కేసుకో. ఈనే రెండు నెలల ముందు పాలు పిండడం ఆపెయ్, ఆశపడొద్దు.

వెటర్నరీ_తిరుపతి
310 రోజులంటే అక్టోబరు 8 దరిదాపుల్లో అన్నా, ఆగస్టు మొదటి వారంలో వట్టిపోగొట్టండి. ఈనిన అరవై రోజుల నుంచి మళ్ళీ రాత్రి టార్చి మొదలుపెట్టాలి, ఈసారి ఎనిమిది నెలలు పోనివ్వొద్దు.