పై అంతస్తు బాత్రూమ్‌కి వెంట్ పైపు: పెట్టాలా, దండగా?

కొత్తిల్లు_బోడుప్పల్:
అందరికీ నమస్కారం. జీ ప్లస్ వన్ కడుతున్నాం. పైన రెండు బాత్రూమ్‌లు పక్కపక్కనే, అక్కడ స్లాబ్ అడుగు దింపి పోశారు. కమోడ్‌కి నాలుగంగుళాల పైపు, స్నానం నీళ్లకి మూడంగుళాలది. ఆ నాలుగంగుళాల పైపునే గాలి ఆడేలా వెంట్ పైపుగా టెర్రస్ మీదికి తీయమంటే ప్లంబర్ "సెప్టిక్ ట్యాంక్‌కి గాలి గొట్టం ఉంది కద సార్, ఇంకోటెందుకు" అంటున్నాడు. పైన మూత బిగించేస్తాడట. మా నాన్నగారూ అదే మాట, ఎలివేషన్ పాడవుతుందని. ఏం చేయమంటారు?

సైట్_సుబ్బన్న:
మూత పెట్టనివ్వకండి. సెప్టిక్ ట్యాంక్ గొట్టం ట్యాంక్‌లో గ్యాస్ పోవడానికి. దీని పని వేరు. పైన ఫ్లష్ కొట్టగానే నీళ్లు పైపు నిండుగా దిగుతాయి. వాటి వెనకే గాలి రాకపోతే పక్క ట్రాపుల్లోంచి, అంటే వాసన రాకుండా నీళ్లు నిలిచే వంపుల్లోంచి, నీళ్లను లాగేస్తాయి. ట్రాప్‌లో నిలిచే ఆ రెండంగుళాల నీళ్లు పోతే వాసనకు ఇక అడ్డేమీ ఉండదు. అదే పైపును అదే సైజులో టెర్రస్ దాటించి, చివర కౌల్ (గాలి ఆడే జాలీ టోపీ) పెట్టండి. జీ ప్లస్ వన్‌కి వేరే వెంట్ లైను అక్కర్లేదు. కింది కమోడ్‌ను మాత్రం ఈ నిలువు పైపుకి కలపకుండా నేరుగా ఛాంబర్‌కి ఇవ్వండి. లేకపోతే పైవాళ్లు ఫ్లష్ కొట్టినప్పుడు కింద బుడగలు వస్తాయి.

మల్కాజిగిరి_మూర్తి:
అంతా పుస్తకం మాట. మా అపార్ట్‌మెంట్‌లో వెంట్ ఉంది, వాసనా ఉంది. దండగ.

వాస్తు_వాణి:
ఈశాన్యంలో మాత్రం పైపు దించకండి. మిగతాది తర్వాత చూసుకోవచ్చు.

సైట్_సుబ్బన్న:
మూర్తిగారూ, వాడని బాత్రూమ్ అయితే ఎండాకాలం నహానీ ట్రాప్ (నేల జాలీ కింద ఉండేది) ఎండిపోతుంది. వారానికో మగ్గు నీళ్లు పోయండి.

మల్కాజిగిరి_మూర్తి:
రోజూ వాడే బాత్రూమ్ సార్! మగ్గు నీళ్లు పోయమని మా ప్లంబర్ కూడా చెప్పి డబ్బులు తీసుకుని వెళ్లాడు. పైవాళ్లు ఫ్లష్ కొడితే మా వాష్‌బేసిన్ గుడగుడమంటుంది.

కూకట్‌పల్లి_కుర్రోడు:
రాణిగంజ్‌లో పైపులు కొనేటప్పుడు పైపు మీద ఐఎస్ 13592 అనే ప్రమాణం నంబరు పక్కన టైప్ ఏ అనో బీ అనో ఉంటుంది, చూసుకోండి అన్నా. ఏ పల్చన, వాన నీళ్లకీ వెంట్‌కీ. కమోడ్‌కి బీ వేయాలి. మా ఇంట్లో ఏ అంటగట్టారు.

ఎల్బీనగర్_సుజాత:
అడ్డంగా వేసే పైపుల వాలు సంగతి ఎవరూ మాట్లాడరేం? అడుగుకి పావంగుళమైనా ఉండాలి.

మల్కాజిగిరి_మూర్తి:
వాలు కాదమ్మా సమస్య. ప్రతిదానికీ ఇంకో పైపు తగిలించడం కాంట్రాక్టర్లకు అలవాటు.

సైట్_సుబ్బన్న:
నేను పైపులు అమ్మను మూర్తిగారూ. టైల్స్ షోరూమ్‌లో రేటు కూడా అడగని ఓనర్లు పది అడుగుల పైపు దగ్గర బేరమాడతారు. ఏడాదికి లీకైతే సుబ్బన్న దొంగ. ఈ మాటలు పడీ పడీ విసుగొచ్చింది. ఇంతకీ మీ వెంట్ పై చివర ఎక్కడ తేలిందో ఎప్పుడైనా చూశారా?

మల్కాజిగిరి_మూర్తి:
చూడనిస్తే కదా! పెంట్‌హౌస్ ఆయన టెర్రస్‌కి తాళం వేసుకున్నాడు. గది కట్టేటప్పుడు కిటికీ పక్కన కంపు కొడుతుందని పైపు కోసేసి సిమెంటు పూశాడట, వాచ్‌మన్ చెప్పాడు. అసోసియేషన్‌లో అడిగితే "మీ బాత్రూమ్ మీ ప్రాబ్లమ్" అన్నారు.

సైట్_సుబ్బన్న:
ఇది మొదటే చెప్పొచ్చుగా! మూసేసిన పైపు వెంట్ ఎలా అవుతుంది?

మల్కాజిగిరి_మూర్తి:
నేను అనేదీ అదే. పైపు ఎవరైనా వేస్తారు. పై చివర ఎవరి చేతిలో ఉంటుంది?

కూకట్‌పల్లి_కుర్రోడు:
గాలి లోపలికి మాత్రమే పోయే వాల్వ్ దొరుకుతుంది కదా, బేసిన్ కింద పెట్టుకుంటే?

సైట్_సుబ్బన్న:
లాగుడుకి పనికొస్తుంది. కింది నుంచి తన్నే గాలి దాంట్లోంచి బయటికి పోదు. నిలువు పైపు ఒక్కటైనా ఆకాశానికి తెరిచి ఉండాల్సిందే.

కొత్తిల్లు_బోడుప్పల్:
మూర్తిగారి మాటకి నాన్నగారిని మళ్లీ అడిగాను. ఎలివేషన్ వట్టి సాకు. టెర్రస్ మీద తమ్ముడికి గది వేయాలని ఉందట. పైపు వాడి గది మధ్యలోకి వస్తుందని భయం. మరదలు ఇప్పటికే ఆ మూల నాదని గీత గీసింది.

సైట్_సుబ్బన్న:
అయితే ఇప్పుడే వెనక గోడ డక్ట్‌లోంచి తీయండి. రేపు గది వేస్తే పైపును దాని కప్పు దాటేదాకా పెంచుకోవాలి, కిటికీలకు దూరంగా. పెంచే ఖర్చు గది వేసేవాళ్లదేనని అన్నదమ్ములిద్దరూ కాగితం రాసుకోండి.

మల్కాజిగిరి_మూర్తి:
కాగితం మా దగ్గరా ఉంది సార్. టెర్రస్ కామన్ ఏరియా అని స్టాంపు పేపర్ మీదే రాసుంది. తాళంచెవి ఆయన దగ్గరుంది.

ఎల్బీనగర్_సుజాత:
బోడుప్పల్ బాబూ, వాలు ఎంత పెట్టించావు?