పానదాయకుడిని సాయం అడగడం యోసేపు అవిశ్వాసమా?

నిరీక్షణ:
అందరికీ వందనాలు. ఆదికాండము 40:14 మీద ఒక సందేహం. చెయ్యని తప్పుకు చెరసాలలో ఉన్న యోసేపు, ఫరో రాజుకు పానం అందించే పానదాయకుడిని, విడుదలయ్యాక నన్ను జ్ఞాపకం చేసుకుని నా సంగతి ఫరోతో చెప్పమని అడిగే చోటు అది. స్టాకు లెక్కల్లో తేడా వస్తే నా మీద వేసి ఉద్యోగంలోంచి తీసేశారు. ఆ సరుకు నేను ముట్టలేదు. నిజం తెలిసిన పాత సూపర్‌వైజర్ ఇప్పుడు పెద్ద పోస్టులో ఉన్నారు, నా గురించి ఒక మాట చెప్పమని అడిగాను. సరే అన్నారు, ఆ తర్వాత ఫోన్ ఎత్తడం మానేశారు. ప్రార్థన కూటంలో ఈ సంగతి చెప్పుకుంటే ఒక పెద్దాయన, "యోసేపు కూడా దేవుణ్ణి వదిలి మనిషిని పట్టుకున్నాడు, అందుకే ఇంకో రెండేళ్లు జైల్లో పడి ఉన్నాడు" అన్నారు. 39 నుంచి 41వ అధ్యాయం దాకా వెతికాను. అలా ఎక్కడ ఉంది?

కాపరికర్ర:
ఆ పెద్దాయన సొంతంగా కల్పించింది కాదు బ్రదర్. 11వ శతాబ్దపు యూదు వ్యాఖ్యాత రాషి కూడా 40:23 దగ్గర ఇదే అర్థం రాశాడు. యిర్మీయా 17:5 కూడా చూడండి, నరులను నమ్ముకున్నవాడు శాపగ్రస్తుడని ఉంది. నాకైతే సరైన హెచ్చరికే అనిపిస్తుంది.

ఆదివారం టీచర్:
నిరీక్షణ గారూ, మీరు వెతికింది దొరకలేదంటే అది అక్కడ లేదు కాబట్టే. 40:23లో ఉన్నదల్లా "పానదాయకుల అధిపతి యోసేపును జ్ఞాపకము చేసికొనక అతని మరచిపోయెను" అన్నది. తప్పు ఎవరిదో ఆ వాక్యమే చెబుతోంది. 41:9లో ఫరో ముందు తన తప్పిదాలు గుర్తొచ్చాయని అన్నది కూడా ఆ పానదాయకుడే. యోసేపును దేవుడు మందలించిన మాట ఒక్కటీ లేదు.

పిల్లలకు ఈ కథ చెబుతున్నప్పుడల్లా నన్ను ఆపేసే వచనం మాత్రం 42:21. అన్నలు గోతిలో పడేసినప్పుడు యోసేపు ఏమన్నాడో 37వ అధ్యాయంలో లేదు. ఏళ్లు గడిచాక అన్నలే ఒప్పుకుంటారు, వాడు బతిమాలుకుంటే మేం వినలేదని. అంటే పదిహేడేళ్లప్పుడూ బతిమాలాడు, చెరసాలలోనూ బతిమాలాడు. మన సండే స్కూల్లో బోర్డుకు అంటించే ఫ్లానెల్ బొమ్మల్లో మాత్రం ఎప్పుడూ నవ్వుతూనే ఉంటాడు! కీర్తన 105:18 అతని కాళ్లకు సంకెళ్లు వేసి నొప్పించారంటోంది. నొప్పి ఉన్నవాడు బయటికి రావాలని అడగడూ?

ఎలా అడిగాడో కూడా చూడండి. ముందు పానదాయకుడి కల భావం చెప్పాడు, తర్వాతే తన సంగతి ఎత్తాడు. "నన్ను దొంగిలించి తెచ్చారు, ఇక్కడ నేనేమీ చేయలేదు" అన్నాడు, అంతే. అమ్మేసింది అన్నలని చెప్పలేదు, అబద్ధపు నింద వేసి చెరసాలకు పంపించిన యజమాని పోతీఫరు భార్య మాట ఎత్తలేదు. ఆ వెంటనే తోటి ఖైదీ, ఫరో వంటవాడైన భక్ష్యకారుడు తన కలకూ మంచి మాట ఆశించి అడిగితే, మూడు రోజుల్లో నీ తల తీస్తారని ఉన్నదున్నట్టు చెప్పాడు. అవసరంలో ఉన్నవాడు ఎదుటివాళ్లకు నచ్చే మాట చెప్పడం ఎంత తేలిక! నాకు అతని యథార్థత పోతీఫరు ఇంట్లో కంటే ఇక్కడే ఎక్కువ కనిపిస్తుంది.

కాపరికర్ర గారూ, యిర్మీయా 17:5 మీరు చెప్పిన ముక్కతోనే ముగిసిపోదు. హృదయాన్ని యెహోవా మీదనుంచి తొలగించుకున్నవాడి గురించి అది. నెహెమ్యా పారసీక రాజు ఎదుట నిలబడి దేవునికి ప్రార్థించాడు, ఆ రాజునే ఉత్తరాలు అడిగాడు. పౌలు రోమా చక్రవర్తి కైసరు ఎదుటే చెప్పుకుంటానన్నాడు. వాళ్లనూ శాపగ్రస్తులంటామా?

కాపరికర్ర:
నెహెమ్యా సంగతి ఒప్పుకుంటాను. కానీ ఆ రెండేళ్ల వెనక దేవుని ఉద్దేశం ఉంది కదా. ముందే విడుదలైతే కనానుకు వెళ్లిపోయేవాడు, ఫరోకు కల వచ్చి భావం చెప్పేవాడు కావలసిన నాటికి ఐగుప్తులో దొరికేవాడు కాదు.

ఆదివారం టీచర్:
కావచ్చు, కానీ అది మన ఊహ. ఉద్దేశం ఉండటం వేరు, శిక్ష అవడం వేరు. మీరు కీడు తలపెట్టినా దేవుడు దాన్ని మేలుకే ఉద్దేశించాడని అన్నలతో అనే 50:20 మొదటిదే చెబుతోంది, అదీ యోసేపు నోటితోనే, అంతా అయిపోయాక. ఆ మాట సంకెళ్లలో ఉన్నవాడి దగ్గరికి వెళ్లి మనం చెప్పేది కాదని నా అభిప్రాయం.

నిరీక్షణ:
చాలా థ్యాంక్స్ అండి. ఇంకొకటి. నేను ఆ సూపర్‌వైజర్‌తో మాట్లాడినప్పుడు అసలు ఆ సరుకు ఎవరు తీశారో పేరు కూడా చెప్పాను, పక్కా తెలుసు కాబట్టి. యోసేపు చెప్పలేదన్నారు. నేనూ చెప్పకూడదా?

ఆదివారం టీచర్:
చెప్పకూడదన్న రూల్ నాకు అందులో కనిపించలేదు. యోసేపు తన విడుదలకు చాలినంత చెప్పి ఊరుకున్నాడు, అంతవరకే నేను అనగలను. మీకు ఆధారం ఉంటే, విచారణలో అడిగితే, పేరు చెప్పడం సాక్ష్యం. ఉద్యోగం కోసం సిఫారసు అడిగేచోట మాత్రం మీ లెక్కలు మీరు చూపిస్తే చాలు. పాత స్టాకు రిజిస్టర్ కాపీలు మీ దగ్గర ఏమైనా ఉన్నాయా? ఉంటే ఫోన్ మానేసి, అవి జతచేసి ఆయనకు ఒక మెయిల్ పెట్టండి. పానదాయకుడికి గుర్తు చేసే దారి యోసేపుకు లేదు, మీకుంది.