పాత బరోలో వైన్ ఎన్ని గంటల ముందు తెరవాలి?

మేం ఇటలీలోని టురిన్‌లో ఉంటున్నాం. శనివారం నేనూ మా ఫ్రెండూ కలిసి రెండు పాత ఇటలీ రెడ్ వైన్ సీసాలు తెరుద్దామనుకుంటున్నాం: 1996 బరోలో, 2004 బ్రునెల్లో. మొదటిది నెబ్బియోలో ద్రాక్షది, రెండోది సాంజొవేజెది, అంతవరకు తెలుసు.

పోయినసారి ఓ పాత బరోలోని తెచ్చిన రోజే తెరిచి గబగబా వంచేశాం. అడుగునున్న మడ్డంతా గ్లాసుల్లోకొచ్చి, ఇసుక నమిలినట్టయింది. కార్కు కూడా సగానికి విరిగి లోపల పడింది. అందుకే ఈసారి సీసాల్ని నిన్నటి నుంచే నిలబెట్టి ఉంచాను.

తేటగా వేరే జాడీలోకి ఎప్పుడు వంచాలి? ఇంత పాత వైన్‌కి ఎక్కువ గాలి తగిలితే వాసన పోతుందని వాడు, తగలకపోతే వగరు తగ్గదని నేను. ముందు ఏది తాగాలి? మెత్తబడిన కార్కుకి రెండు రేకుల ఓపెనరు వాడినవాళ్లున్నారా?

పక్కన గోంగూర మటన్ వండుతానంటున్నాడు. ఆ పులుపుకి వైన్ రుచి చచ్చిపోదూ?