పెళ్లి ఫుటేజీ ఎక్కడ దాచాలి: ఎస్‌ఎస్‌డీలోనా, హార్డ్ డిస్క్‌లోనా?

ప్రశ్న (ఫొటో స్టూడియో, తిరుపతి)

అందరికీ నమస్కారం. తిరుపతిలో పెళ్లిళ్ల ఫొటోలు, వీడియోలు తీసే చిన్న స్టూడియో నడుపుతున్నాను. ముహూర్తాలు ఉన్న నెలల్లో తిరుచానూరు, శ్రీనివాసమంగాపురం, తిరుమల అంటూ పని ఒకదానిమీద ఒకటి వచ్చి పడుతుంది. ఇప్పుడున్న కంప్యూటరులో 7,200 ఆర్‌పీఎం హార్డ్ డిస్క్ ఒక్కటే ఉంది. విండోస్, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్, జరుగుతున్న పని, అన్నీ దానిమీదే. పెళ్లివారు ఆల్బమ్‌కు ఫొటోలు ఎంచుకోవడానికి వచ్చి పక్కన కూర్చున్నప్పుడు ఒక్కొక్క ఫొటో తేటపడడానికి రెండు మూడు సెకన్లు పడుతోంది. తలంబ్రాల ఘట్టంలో రెండు కెమెరాల 4కె దృశ్యాలను టైమ్‌లైన్‌మీద ఒకదాని కింద ఒకటి పెట్టి జరిపితే బొమ్మ ఆగి ఆగి కదులుతోంది.

రెండవ సంగతి పాత పెళ్లిళ్లది. బీరువాలో ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కులు వరుసగా ఉన్నాయి. ఒక్కొక్కదానిమీద కాగితం అతికించి ముహూర్తం నెల, మండపం పేరు రాసి ఉంచాను. బిడ్డకు పేరు పెట్టేటప్పుడో, ఇంట్లో పెద్దవాళ్లు కాలం చేసినప్పుడో ఆ కుటుంబాలు మళ్లీ వస్తాయి. "మా నాయన ఆ పెళ్లిలో నవ్వుతా ఉన్న ఫొటో ఒకటి ఉండాల, పెద్దది చేసి ఇవ్వండి" అని అడిగినవారికి డిస్క్ చెడిపోయిందని చెప్పే పరిస్థితి రాకూడదన్నదే నా ఆందోళన.

కంప్యూటరు విడిభాగాలు అమ్మే ఒక దుకాణంలో అడిగితే, హార్డ్ డిస్కులకు కాలం చెల్లిందని, పాత ఫుటేజీతో సహా అన్నీ ఎస్‌ఎస్‌డీల్లోకి (తిరిగే పళ్లెం లేకుండా చిప్‌లలో సమాచారం దాచే డ్రైవుల్లోకి) మార్చి బీరువాలో పెట్టుకొమ్మని చెప్పారు. ఒక పెళ్లికి రెండు కెమెరాల ఫుటేజీ, ఫొటోలు కలిపి నాలుగు వందల జీబీ దాటుతోంది కనుక అంత మొత్తానికి ఎస్‌ఎస్‌డీలు కొనడం నా శక్తికి మించిన ఖర్చు. ఖర్చు పెట్టగలిగినా అది సరైన మార్గమేనా అన్నది తెలిసినవారు వివరంగా చెప్పగలరని ఆశిస్తున్నాను.

సమాధానం (కంప్యూటర్ సర్వీసు, రేణిగుంట)

మీ రెండు సమస్యలకూ రెండు వేరు వేరు పరికరాలు కావాలి. దుకాణంవారు చెప్పినది మొదటి సమస్యకు వర్తిస్తుంది, రెండవదానికి వర్తించదని నా అభిప్రాయం. పాత ఫుటేజీ గురించి నాకంటే అనుభవం ఉన్నవారు చెప్పవచ్చు. నేను ఎడిటింగ్ కంప్యూటరు సంగతి చెబుతాను.

హార్డ్ డిస్క్‌లో సమాచారం తిరుగుతున్న పళ్లెంమీద ఉంటుంది. దాన్ని చదివే హెడ్ ముందుగా సరైన వలయం దగ్గరికి జరగాలి, ఆ తరువాత కావలసిన భాగం తిరిగి తన కిందికి వచ్చేదాకా వేచి ఉండాలి. నిమిషానికి 7,200 చుట్లంటే సెకనుకు 120. ఒక్క చుట్టుకు 8.3 మిల్లీసెకన్లు. సగటున అరచుట్టు కోసం నాలుగు, హెడ్ జరగడానికి ఎనిమిది తొమ్మిది, వెరసి పన్నెండు పదమూడు మిల్లీసెకన్లు పోతాయి. అంటే చెల్లాచెదురుగా ఉన్న చిన్న ముక్కలను చదవమంటే ఆ డిస్క్ సెకనుకు ఎనభై దాకా మాత్రమే అందించగలదు. ఎస్‌ఎస్‌డీలో కదిలే భాగమే లేదు కనుక జవాబు సుమారు పదోవంతు మిల్లీసెకనులో వస్తుంది. అటువంటి ముక్కలను సెకనుకు వేలల్లో, మంచి రకమైతే లక్షల్లో అందిస్తుంది. ఫొటోలు ఎంచుకునే సాఫ్ట్‌వేర్ ప్రతి ఫొటోకూ చిన్న ప్రివ్యూ ఫైళ్లు తయారుచేసి వాటినే వెతుకుతూ ఉంటుంది, అదే సమయంలో విండోస్ కూడా అదే డిస్క్‌మీద తన పని తాను చేసుకుంటుంది. పెళ్లివారి ముందు మీకు ఎదురవుతున్న జాప్యానికి మూలం ఇదే కనుక ఎస్‌ఎస్‌డీ వేసిన రోజునే తేడా కనిపిస్తుంది.

వీడియో విషయంలో మాత్రం డబ్బు పెట్టే ముందు ఒక పరీక్ష చేయండి. సెకనుకు 100 మెగాబిట్ల 4కె వీడియో అంటే 12.5 ఎంబీ మాత్రమే. రెండు కెమెరాలకు 25 ఎంబీ. వరుసగా చదివేటప్పుడు మీ హార్డ్ డిస్క్ కూడా సెకనుకు 150 ఎంబీ ఇవ్వగలదు. బొమ్మ ఆగుతున్నప్పుడు టాస్క్ మేనేజర్ తెరిచి చూడండి. డిస్క్ నూరు శాతం దగ్గర నిలిచి ఉంటే ఎస్‌ఎస్‌డీ మీ సమస్యను తీరుస్తుంది. డిస్క్ ఖాళీగా ఉండి ప్రాసెసర్ నూరు శాతం చూపుతుంటే, మీ కెమెరా బహుశా హెచ్.265 వంటి, వీడియోను బాగా కుదించే పద్ధతిలో రికార్డు చేస్తున్నదని, దాన్ని విప్పలేక ప్రాసెసర్ అలసిపోతున్నదని అర్థం. అప్పుడు ఎంత ఖరీదైన ఎస్‌ఎస్‌డీ వేసినా బొమ్మ ఆగుతూనే ఉంటుంది, ప్రాక్సీ ఫైళ్లు (ఎడిటింగ్ కోసం మాత్రమే వాడే, తక్కువ నాణ్యత గల తేలికపాటి కాపీలు) తయారుచేసుకోవడమే మార్గం. ఈ పరీక్ష చేయకుండా ఎస్‌ఎస్‌డీ కొని, తరువాత నిరాశపడినవారు మా దగ్గరికి తరచూ వస్తుంటారు.

మదర్‌బోర్డుమీద ఎం.2 స్లాట్ (ఎస్‌ఎస్‌డీని నేరుగా గుచ్చే చోటు) ఉంటే అందులో పట్టే వేగవంతమైన ఎన్‌వీఎంఈ రకం తీసుకోండి, దాన్ని మదర్‌బోర్డుతో కలిపే పీసీఐఈ దారి 3.0 అయితే సెకనుకు 3,500 ఎంబీ, 4.0 అయితే 7,000 ఎంబీ వరకు వేగం ఉంటుంది. స్లాట్ లేకపోతే హార్డ్ డిస్క్‌లాగా వైరుతో కలిపే సాటా ఎస్‌ఎస్‌డీ చాలు, దాని వేగం 550 ఎంబీ దగ్గర ఆగుతుంది. హార్డ్ డిస్క్ నుంచి సాటా ఎస్‌ఎస్‌డీకి మారినప్పుడు కనిపించేంత తేడా, సాటా నుంచి ఎన్‌వీఎంఈకి మారినప్పుడు మీ పనిలో కనిపించదు.

కొనేటప్పుడు అడగవలసిన ముఖ్యమైన మాట టీఎల్‌సీయా, క్యూఎల్‌సీయా అన్నది. టీఎల్‌సీలో చిప్‌లోని ఒక్కొక్క సూక్ష్మమైన గదిలో మూడు బిట్లు, క్యూఎల్‌సీలో నాలుగు బిట్లు నింపుతారు కనుక రెండవది చవక. కానీ క్యూఎల్‌సీలో ముందుభాగంలో ఉండే వేగవంతమైన కాష్ (తాత్కాలికంగా రాసుకునే చోటు) నిండిన తరువాత రాసే వేగం హార్డ్ డిస్క్ స్థాయికి, కొన్నింటిలో అంతకంటే కిందికి పడిపోతుంది. నాలుగు వందల జీబీ ఒక్కసారిగా కాపీ చేసే మీలాంటివారికి అది సగం దారిలోనే ఎదురవుతుంది.

ఎక్కువ రాస్తే ఎస్‌ఎస్‌డీ అరిగిపోతుందన్న భయం మీ విషయంలో అక్కర్లేదు. ఒక టెరాబైటు టీఎల్‌సీ డ్రైవులు చాలావాటికి 600 టెరాబైట్లు రాసేదాకా హామీ ఉంటుంది. పెళ్లికి ఫుటేజీ, ప్రివ్యూలు, రెండరింగ్ అన్నీ కలిపి ఒక టెరాబైటు రాశారనుకున్నా అది ఆరు వందల పెళ్లిళ్ల లెక్క.

సమాధానం (కళాశాల సర్వర్ల నిర్వహణ, తిరుపతి)

పైవారి వివరణతో పూర్తిగా ఏకీభవిస్తూ పాత ఫుటేజీ గురించి రాస్తున్నాను. ఎస్‌ఎస్‌డీలను నింపి బీరువాలో పెట్టమన్న సలహాను దయచేసి పాటించకండి.

ఫ్లాష్ చిప్‌లో సమాచారం అతి సూక్ష్మమైన గదుల్లో బంధించిన విద్యుదావేశం రూపంలో ఉంటుంది. కరెంటు లేకుండా పక్కన పెడితే ఆ ఆవేశం కొద్దికొద్దిగా జారిపోతుంది, వేడి పెరిగినకొద్దీ ఇంకా త్వరగా జారిపోతుంది. చిప్‌ల పరిశ్రమకు ప్రమాణాలు నిర్ణయించే జెడెక్ సంస్థ ప్రమాణం ప్రకారం, సాధారణ వినియోగదారుల ఎస్‌ఎస్‌డీ తన రాత హామీ మొత్తం వాడేసిన తరువాత, 30 డిగ్రీల వేడిలో కరెంటు లేకుండా ఒక ఏడాది సమాచారాన్ని నిలుపుకోవాలి. కొత్త డ్రైవు అంతకంటే చాలా ఎక్కువ కాలమే నిలుపుకుంటుంది, అందులో సందేహం లేదు. కానీ మే నెలలో బయట 40 డిగ్రీలు దాటే మన ఊళ్లో, రేకుల కప్పు కిందనో పై అంతస్తులోనో ఉన్న బీరువా లోపల ఎంత వేడి ఉంటుందో మీకే తెలుసు. ఏళ్ల తరబడి తెరవకుండా ఉంచే వస్తువుకు హామీ ఇంత తక్కువగా ఉన్న పద్ధతిని నేను ఎన్నుకోను.

హార్డ్ డిస్క్‌లో సమాచారం అయస్కాంత రూపంలో ఉంటుంది కనుక కరెంటు లేకపోయినా అది త్వరగా చెరిగిపోదు. అక్కడ చెడిపోయేది మోటారు, హెడ్, సర్క్యూట్ బోర్డు వంటి యంత్రభాగాలు. ఆ స్థితిలో కూడా పళ్లెం బాగుంటే డేటా రికవరీ చేసేవారు ఖర్చు ఎక్కువైనా చాలాసార్లు బయటికి తీయగలుగుతారు. ఎస్‌ఎస్‌డీలో కంట్రోలర్ (చిప్‌లన్నిటినీ నడిపే భాగం) పోతే అది చాలా కష్టం. పైగా ఎస్‌ఎస్‌డీలో పొరపాటున ఫైలు తొలగిస్తే ట్రిమ్ అనే ఏర్పాటు ఆ గదులను త్వరలోనే ఖాళీ చేయిస్తుంది కనుక తిరిగి తెచ్చే సాఫ్ట్‌వేర్లు అక్కడ దాదాపు పనిచేయవు.

అయితే హార్డ్ డిస్క్ అన్నంత మాత్రాన నిశ్చింతగా ఉండకూడదు. మీ బీరువాలో ప్రతి పెళ్లికీ ఒకే కాపీ ఉన్నట్లు మీ ప్రశ్నను బట్టి అనిపిస్తోంది, నన్ను ఎక్కువగా కలవరపెట్టింది అదే. కనీసం రెండు డిస్కుల్లో ఒకే ఫుటేజీ ఉండాలి, ఆ రెండవ డిస్క్ స్టూడియోలో కాకుండా ఇంట్లోనో, బంధువుల ఇంట్లోనో ఉండాలి. 2021 నవంబరు వరదల్లో మన ఊరి వీధుల్లో నీళ్లు ఎలా పారాయో, కింది అంతస్తుల్లో ఉన్నవారు ఎంత నష్టపోయారో గుర్తుండే ఉంటుంది. ఒకే గదిలో పెట్టిన రెండు కాపీలు అటువంటి రోజున రెండూ పోతాయి.

ఖర్చు తగ్గించుకోవడానికి ఏది ఎంతకాలం ఉంచాలో ముందే నిర్ణయించుకోండి. పెళ్లివారు తుది వీడియో తీసుకున్నాక ముడి ఫుటేజీని ఎన్నాళ్లు ఉంచుతారో రసీదుమీదే రాసి ఇవ్వవచ్చు. ఫొటోలు, తుది వీడియో మాత్రం శాశ్వతంగా ఉంచండి. 24 మెగాపిక్సెల్ ముడి ఫొటోలు మూడు వేలున్నా ఎనభై తొంభై జీబీ మించవు. ఫొటో పెద్దది చేయమని వచ్చేవారికి కావలసింది అందులోనే ఉంటుంది.

సమాధానం (వీడియోగ్రాఫర్, చిత్తూరు)

పై ఇద్దరి మాటలూ స్టూడియోలో కదలకుండా ఉన్న డిస్కులకు సరిపోతాయి. మాలాగా కాణిపాకం, పలమనేరు, కుప్పం వైపు తిరిగేవారికి మధ్యలో ఇంకొక దశ ఉంది. మండపంలోనే మెమరీ కార్డుల నుంచి కాపీ తీసుకుని బండిమీద ఇంటికి తెచ్చే దశ. అక్కడ నేను పోర్టబుల్ ఎస్‌ఎస్‌డీనే వాడమంటాను.

దానికి కారణం వేగం కాదు. సాధారణంగా వాడే యూహెచ్‌ఎస్-1 ఎస్‌డీ కార్డుల గరిష్ఠ వేగం సెకనుకు 104 ఎంబీ. పోర్టబుల్ హార్డ్ డిస్క్ కూడా సెకనుకు 120 ఎంబీ దాకా రాయగలదు కనుక సెకనుకు వెయ్యి ఎంబీ అని పెట్టెమీద రాసిన ఎస్‌ఎస్‌డీ కొన్నా కార్డు నుంచి కాపీ అంతే సమయం తీసుకుంటుంది. కార్డ్ రీడరును పాత యూఎస్‌బీ 2.0 పోర్టులో పెడితే మాత్రం వేగం 40 ఎంబీ దాటదు, అప్పుడు నాలుగు వందల జీబీకి మూడు గంటలకు దగ్గరగా పడుతుంది. ముందు ఆ పోర్టు చూసుకోండి.

అసలు కారణం కుదుపు. హార్డ్ డిస్క్ తిరుగుతున్నప్పుడు హెడ్‌కూ పళ్లేనికీ మధ్య ఉండే ఎడం కొన్ని నానోమీటర్లు మాత్రమే. బంతి భోజనాల హడావుడిలో పిల్లలు వైరు తగిలి లాగితే బల్లమీది నుంచి పడిన డిస్క్‌లో హెడ్ పళ్లేన్ని గీకేస్తుంది. అదే ఎత్తు నుంచి ఎస్‌ఎస్‌డీ పడితే చాలావరకు ఏమీ కాదు. రెండవ కాపీ స్టూడియోలో తీసుకునేదాకా కార్డులను ఫార్మాట్ చేయకండి.

ప్రశ్న అడిగినవారు

ముగ్గురికీ కృతజ్ఞతలు. టాస్క్ మేనేజర్‌లో చూశాను. ఫొటోల దగ్గర డిస్క్ నూరు శాతం చూపుతోంది, వీడియో దగ్గర మాత్రం ప్రాసెసరే నిండిపోతోంది. కనుక ఒక టెరాబైటు టీఎల్‌సీ ఎన్‌వీఎంఈ తీసుకుని, వీడియోలకు ప్రాక్సీలు వాడాలని నిర్ణయించుకున్నాను. ఇక రెండు సందేహాలు మిగిలాయి. రెండు హార్డ్ డిస్కులు పెట్టే పెట్టెలు అమ్ముతున్నారు, ఒకదానిలో రాసినది రెండవదానిలో దానంతటదే పడుతుందట. దానితో రెండు కాపీల పని తీరుతుందా? బీరువాలోని పాత డిస్కుల్లో ఏది బాగున్నదో, ఏది పోబోతున్నదో ముందుగా తెలుసుకునే వీలుందా?

సమాధానం (కళాశాల సర్వర్ల నిర్వహణ, తిరుపతి)

ఆ పెట్టె చేసే పని మిర్రరింగ్. ఒక డిస్క్ ఆగిపోతే పని నిలిచిపోకుండా చూడడానికి అది ఉపయోగపడుతుంది. మీరు పొరపాటున ఒక ఫోల్డరు తొలగిస్తే అది రెండింటిలోనూ అదే క్షణాన పోతుంది, వైరస్ వచ్చినా, పిడుగుపాటుకు కరెంటు ఎగసినా రెండూ కలిసే దెబ్బతింటాయి. అందుకే దాన్ని రెండు కాపీలుగా లెక్కించకండి. అదే డబ్బుతో రెండు విడి హార్డ్ డిస్కులు కొనండి. ఎప్పుడైనా అటువంటి పెట్టె పెట్టవలసివస్తే అందులోకి ఎస్‌ఎమ్‌ఆర్ రకం కాకుండా సీఎమ్‌ఆర్ రకం డిస్కులే తీసుకోండి. ఎస్‌ఎమ్‌ఆర్‌లో రాత వలయాలు ఒకదానిమీద ఒకటి కొంత కప్పుకుని ఉంటాయి కనుక ఒకచోట మార్చి రాస్తే పక్కవాటిని కూడా తిరిగి రాయవలసివస్తుంది, సీఎమ్‌ఆర్‌లో అవి విడివిడిగా ఉంటాయి. ఒకసారి రాసి బీరువాలో పెట్టేదానికి మాత్రం ఎస్‌ఎమ్‌ఆర్ వల్ల ఇబ్బంది లేదు.

పాత డిస్కులను క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఒక్కొక్కటిగా చూడండి. అందులో 05 అనే వరుస చెడిపోయినందున పక్కకు పెట్టిన సెక్టార్లను (డిస్క్‌మీది చిన్న చిన్న భాగాలను), సీ5 అనే వరుస చదవడానికి మొరాయిస్తున్న సెక్టార్లను చూపుతుంది. ఈ రెండూ సున్నా అయి ఉండాలి. అన్నీ సున్నాగానే ఉన్న డిస్క్ కూడా హఠాత్తుగా ఆగిపోవచ్చు కనుక సున్నా చూసి కాపీ తీయడం వాయిదా వేయకండి. సీ5లో అంకె కనిపించిన డిస్క్‌ను మొదట కాపీ తీయండి. దానిమీద విండోస్‌లో డిస్క్ లోపాలు వెతికే చెక్ డిస్క్ వంటివి నడపకండి, అవి బలహీనమైన డిస్క్‌చేత ఇంకా ఎక్కువ పని చేయిస్తాయి. ముందు ఫొటోల ఫోల్డర్లు, తరువాత తుది వీడియోలు, చివరికి వీలైతే ముడి ఫుటేజీ అన్న వరుసలో తీసుకోండి. టక్ టక్ మని లయగా శబ్దం వస్తూ కంప్యూటరులో కనిపించకపోతే వెంటనే వైరు తీసేసి, మళ్లీ మళ్లీ ప్రయత్నించకుండా డేటా రికవరీ చేసేవారికి ఇవ్వండి. తిప్పినకొద్దీ పళ్లెం పాడవుతుంది.

కాపీ అయ్యాక పాత డిస్క్‌ను పారేయకుండా, కొత్తదానిలో కొన్ని ఫొటోలు, ప్రతి వీడియో చివరి నిమిషం తెరిచి చూసుకోండి. ఏడాదికి ఒకసారి, ముహూర్తాలు లేని మూఢంలో, అన్ని డిస్కులనూ కలిపి ఇదే పరీక్ష మళ్లీ చేయండి. మీరు అతికించే కాగితంమీద నెల, మండపం పేరుతో పాటు చివరిసారి పరీక్షించిన తేదీ, రెండవ కాపీ ఎక్కడ ఉన్నదీ కూడా రాసి పెట్టండి. మీరు ఊళ్లో లేనప్పుడు ఎవరైనా అడిగి వచ్చినా మీ సహాయకుడు దాన్ని వెతికి ఇవ్వగలుగుతాడు.