సైకిల్‌కు లైటు లేకపోతే వంద రూపాయల జరిమానా: మీరైతే చేయి ఎత్తుతారా?

గట్టు సైకిల్ (ముమ్మిడివరం దగ్గర):
వచ్చే ఆదివారం మా ఊళ్లో గ్రామసభ. చీకటి పడ్డాక లైటు గానీ రేడియం స్టిక్కరు గానీ లేకుండా కాలువ గట్టు రోడ్డు మీద సైకిల్ తొక్కితే వంద రూపాయల జరిమానా వేయాలని తీర్మానం పెడుతున్నారు. అలాంటి జరిమానా పంచాయతీ వేయగలదా లేదా అన్నది తర్వాతి సంగతి. ఊరంతా ఒప్పుకునేలా ఉంది, అదే నా బాధ.

ఈ తీర్మానానికి మూలం మా మేనమామ. నాలుగు నెలల క్రితం తెల్లవారుజామున మూడున్నరకు రొయ్యల చెరువు మీదికి వెళుతున్నాడు. ఆ వేళలో ఎందుకంటారేమో, నీళ్లలో ప్రాణవాయువు అడుగంటేది అప్పుడే. ఏరియేటరు ఒక్క గంట ఆగితే తెల్లారేసరికి రొయ్య తేలిపోతుంది. వెనక నుంచి కారు గుద్దింది. మామయ్య నిద్రగన్నేరు చెట్టు మొదట్లో ప్రాణం లేకుండా, సైకిల్ కాలువలో గుర్రపుడెక్క మీద. కారు నడిపిన కుర్రాడు స్నేహితులతో యానాంలో తాగి, ఎదుర్లంక వంతెన దాటి ఇటు వస్తున్నాడు. కారు దిగి నిలబడలేక డోరు పట్టుకుని వేలాడాడని మా పాలాయన కళ్లారా చూసి చెప్పాడు.

తర్వాత జరిగింది మీ ఊళ్లలోనూ జరిగే ఉంటుంది. పెద్దమనుషులు కూర్చున్నారు. కుర్రాడికి స్నానం చేయించి, ఇస్త్రీ చొక్కా తొడిగి, ఉదయం పదిన్నరకు స్టేషన్‌కు తీసుకువెళ్లారు. కాగితాల్లో ఎక్కడా మందు మాట లేదు, ‘చీకటిలో సైకిల్ కనిపించక’ అని ఉంది. మా అత్తయ్య చేతిలో మూడు లక్షలు పెట్టారు. మందు అని రాస్తే ఇన్సూరెన్సు రాదమ్మా, నష్టపోయేది నువ్వే అని నచ్చచెప్పారు. ఆమె వేలిముద్ర వేసింది.

ఇప్పుడు ఆ కాగితంలోని మాటే ఊరికి కట్టుబాటు కాబోతోంది. మామయ్య సైకిల్‌కు లైటు లేదు, నిజమే. ఆ కారుకు రెండు లైట్లూ వెలుగుతున్నాయి కదా. మీరైతే ఏం చేస్తారు?

మూడెకరాల రైతు (ఉండి వైపు):
మీ మామయ్యగారికి అలా జరిగినందుకు చాలా బాధగా ఉంది బాబూ. అయినా నేనైతే చేయి ఎత్తుతాను. నేను మందు ముట్టను. ధనుర్మాసం మంచులో రెండుసార్లు సైకిల్ మీదికి వెళ్లబోయి, గట్టు మీద బండి పడేసుకుని మోకాలు పగలగొట్టుకున్నాను. నల్ల దుప్పటి కప్పుకుని, నల్ల తారు మీద, వెనక ఎర్ర చుక్క అయినా లేకుండా వెళుతుంటే తాగనివాడికి మాత్రం ఏం కనిపిస్తుంది? వంద రూపాయల భయంతో స్టిక్కరు అంటించుకుంటే ఆ మనిషే బతుకుతాడు. తాగినవాడిని వదిలేయమని నేను అనడం లేదు. అది వేరే పని, ఇది వేరే పని.

పాలకొల్లు కుర్రాడు:
దాళ్వా కోతలప్పుడు రోడ్డు మీద సగం దాకా ధాన్యం ఆరబోసి, చుట్టూ బండరాళ్లు పేర్చేవారికి ఎంత వేద్దాం అన్నయ్యా? రాత్రిపూట ఆ రాళ్లకు లైట్లు ఉంటాయా?

మూడెకరాల రైతు:
నేనూ ఆరబోస్తాను, దాచుకోవడం ఎందుకు. కళ్లం ఎక్కడుంది తమ్ముడూ, చుట్టూ చెరువులైపోయాయి. సరే, నాకూ వంద రాసుకో.

లెక్కల మాస్టారు (విశ్రాంత ఉపాధ్యాయుడిని, తణుకు):
నా చిన్నప్పుడు పంచాయతీకి సైకిల్ పన్ను కట్టి బిళ్ల తగిలించుకునేవాళ్లం. రాత్రి దీపం లేకుండా దొరికితే కానిస్టేబులు చక్రంలో గాలి తీసి, నడిపించుకుంటూ పొమ్మనేవాడు. కాబట్టి ఈ తీర్మానం కొత్తదేమీ కాదు. అప్పుడు రోడ్డు మీద అందరికంటే వేగంగా పోయేది సైకిలే. అందుకని దానికి కట్టుబాటు పెట్టారు. ఇప్పుడు అన్నిటికంటే నెమ్మదిగా పోయేదీ అదే.

లెక్క చూద్దాం. గంటకు 60 కిలోమీటర్ల వేగం అంటే సెకనుకు సుమారు 17 మీటర్లు. ఎదుట ఏదో ఉందని గ్రహించి బ్రేకు తొక్కడానికి మామూలు మనిషికి ఒక సెకను పడుతుందనుకుంటే, బ్రేకు పడ్డాక ఆగడానికి ఇంకో 20 మీటర్ల పైమాట. మొత్తం నలభై. డిమ్ లైటు చూపేదీ దాదాపు అంతే. అంటే తాగనివాడు కూడా అంచున బతుకుతున్నాడు, ఆ మేరకు రైతుగారి మాట నిజం. తాగినవాడికి ఇంకొక్క సెకను ఆలస్యమైందనుకోండి, అరవైకి దగ్గర పడుతుంది. ఆ మిగిలిన దూరంలో సైకిల్ ఉంటుంది.

రేడియం స్టిక్కరు వంద మీటర్ల అవతలి నుంచే మెరుస్తుంది. తాగనివాడికి ఎంతో మేలు. తాగినవాడికి ఆ మెరుపు కనిపించినా, అది ఏమిటో, ఎంత దూరంలో ఉందో బుర్రకు ఎక్కదు. స్టిక్కర్లు అంటించండి, జరిమానా వద్దు. పంచాయతీ డబ్బుతో అంటించినా ఊరికి పెద్ద ఖర్చు కాదు. కొత్త సైకిళ్లకు రిఫ్లెక్టర్లు ఉండి తీరాలని 2020లో కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. కానీ చెరువు మీదికి వెళ్లేవాడి సైకిల్ ఎప్పటిది? మూడు చేతులు మారింది, ఫ్రేము తప్ప అన్నీ మార్చినది.

ఇంకొక లెక్క కూడా ఉంది. 100 మిల్లీలీటర్ల రక్తంలో మందు గంటకు సుమారు 15 మిల్లీగ్రాముల చొప్పున తగ్గుతుంది. చట్టం ఒప్పుకునే హద్దు 100 మిల్లీలీటర్లకు 30. మూడున్నర నుంచి పదిన్నరకు ఏడు గంటలు, అంటే 105 తగ్గింది. ఆ కుర్రాడికి గుద్దినప్పుడు 130 ఉన్నా, స్టేషన్ మెట్లెక్కేసరికి 25. పెద్దమనుషులు రాజీకి కూర్చున్నారని మీరు అనుకుంటున్నారు. నాకైతే వాళ్లు గడియారం చూస్తూ కూర్చున్నట్టు అనిపిస్తోంది.

యానాం వాసి:
ఏం జరిగినా యానాం పేరు ఎత్తకుండా మీ వాళ్లకు తెల్లవారదు. మాది పుదుచ్చేరి పాలన, మందు ధర తక్కువ, నిజమే. తాగి కారెక్కమని మా దుకాణం బోర్డు మీద రాసి ఉండదు. 2024 అక్టోబరు నుంచి మీ వైపే 99 రూపాయలకు క్వార్టరు దొరుకుతోంది. అది తాగి గట్టు ఎక్కేవారు మా లెక్కలోకి రారు.

రాజోలు కోడలు:
యానాం అన్నయ్య మాటలో నిజం లేకపోలేదు. మా ఊరి సంగతి చెబుతాను. 2016 డిసెంబరులో సుప్రీంకోర్టు జాతీయ, రాష్ట్ర రహదారుల అంచు నుంచి 500 మీటర్ల లోపు మందు దుకాణాలు ఉండకూడదంది. తర్వాత 20 వేల లోపు జనాభా ఉన్న ఊళ్లకు దాన్ని 220 మీటర్లకు తగ్గించింది. మంచిదే అనుకున్నాం. అప్పటిదాకా 216 నంబరు హైవే మీద ఉన్న దుకాణం లోపలికి జరిగి, ఎక్కడికి వచ్చింది? కాలువ గట్టు మీదికి, హైస్కూలు దారిలోకి. హైవేకు మార్జిన్ అయినా ఉంది. గట్టు రోడ్డుకు ఒకవైపు కాలువ, ఇంకోవైపు బోదె. తారు మీద తారు పోసి ఎత్తు పెంచారు గానీ అంచున మట్టి పోయలేదు. జానెడు కిందికి దిగాలంటే సైకిల్ పడిపోతుంది. దిగనందుకు వెనక నుంచి హారన్ కొట్టి తిడతారు.

ఇక నా కష్టం వేరు. మా ఆయన తాగేది, తొక్కేది రెండూ ఆ గట్టు మీదే. ఏ కారూ గుద్దకుండానే రెండుసార్లు కాలువలో పడ్డాడు. కాలువ కట్టేసిన వేసవి కాబట్టి బురదతో ఇంటికి వచ్చాడు. సైకిల్ తొక్కేవారందరూ పాపం అమాయకులన్నట్టు మాట్లాడుతున్నారు కదా, అందుకని చెప్పాను. అయినా నేను చేయి ఎత్తను. ఆ వంద మా ఆయన కట్టడు, నా కూలిలో నుంచి పోతుంది.

పాలకొల్లు కుర్రాడు:
అక్కా, చివరి మాటతో సభ ముగించేశారు.

మూడెకరాల రైతు:
ముగియలేదు తమ్ముడూ. లైటు లేని సైకిల్‌ను తాగనివాడు గుద్దితే ఎవరిని అంటారు? ఆ ప్రశ్నకు ఇక్కడ ఎవరూ జవాబు చెప్పలేదు.

అమలాపురం ప్లీడరు:
చెబుతాను. ముందు గట్టు సైకిల్ గారి మేనమామ సంగతి. అది ఆదివారం దాకా ఆగవచ్చు గానీ మరీ ఎక్కువ రోజులు ఆగదు.

మందు అని రాస్తే ఇన్సూరెన్సు రాదని మీ అత్తయ్యగారికి చెప్పిన మాటలో పావు వంతు నిజం, మిగతాది మోసం. తాగి నడిపాడన్న కారణం చూపి బీమా సంస్థ, ప్రమాద పరిహారం తేల్చే ట్రిబ్యునల్లో అడ్డం తిరగవచ్చు, చట్టం ఆ వీలు ఇచ్చింది. కానీ రోడ్డున పోయే మూడో వ్యక్తి చనిపోయినప్పుడు, ముందు బాధిత కుటుంబానికి చెల్లించి, ఆ సొమ్మును తర్వాత కారు యజమాని నుంచి రాబట్టుకోమని కోర్టులు చెబుతూ వస్తున్నాయి. కేరళ హైకోర్టు 2023లో సరిగ్గా తాగిన డ్రైవరు కేసులోనే అలా అంది. ఇప్పుడు చెప్పండి, మందు మాట కాగితం మీద పడకపోతే లాభం ఎవరికి? మీ అత్తయ్యగారికి కాదు. తర్వాత బీమా సంస్థకు జేబులో నుంచి తీసి కట్టాల్సిన కారు యజమానికి.

మూడు లక్షలు అన్నారు. మీ మామయ్యగారి వయసు 48, నెలకు 12 వేలు తెచ్చేవారు, ఆయన మీద ఆధారపడినవారు భార్య, ఇద్దరు పిల్లలు అనుకుంటాను. ఏడాదికి 1,44,000. ముందు ముందు పెరిగే సంపాదన కింద 25 శాతం కలిపితే 1,80,000. సొంత ఖర్చు కింద మూడో వంతు తీసేస్తే 1,20,000. ఆ వయసుకు సుప్రీంకోర్టు ఖరారు చేసిన గుణకం 13, అంటే ఏడాది సొమ్మును 13తో హెచ్చవేయాలి. మొత్తం 15,60,000. అంత్యక్రియల వంటి ఖర్చులు వేరే.

రైతుగారి ప్రశ్న ఇక్కడే వస్తుంది. సైకిల్‌కు లైటు లేదు కాబట్టి అతనిదీ కొంత తప్పుందని అవతలివాళ్లు వాదిస్తారు. ట్రిబ్యునల్ ఒప్పుకుని 20 శాతం కోసిందనుకుందాం, అప్పటికీ 12,48,000 మిగులుతుంది. తాగనివాడు గుద్దినా లెక్క ఇదే పద్ధతి. తప్పును పాళ్లు వేసి పంచుతారు, మొత్తం తీసుకెళ్లి చచ్చినవాడి నెత్తిన పెట్టరు. అయితే ఒక మాట. లైటు లేకుండా తొక్కడమే నేరమని మీ ఊరే సభ పెట్టి తీర్మానిస్తే, రేపు ఆ కాగితాన్ని కోర్టులో చూపించేది మీరు కాదు, బీమా సంస్థ వకీలు.

ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు ట్రిబ్యునల్‌కు దరఖాస్తు వేయాలి. నాలుగు నెలలు పోయాయంటున్నారు.

లెక్కల మాస్టారు:
రాజీ కాగితం మీద వేలిముద్ర పడింది కదండీ, మరి దాని సంగతి?

అమలాపురం ప్లీడరు:
నిర్లక్ష్యంతో మనిషి చావుకు కారణమైతే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 106 కింద ఐదేళ్ల దాకా శిక్ష ఉంది. అది రాజీ పడగల నేరం కాదు మాస్టారూ. ఊళ్లో రాసుకున్న కాగితంతో ఆ కేసు పోదు, ట్రిబ్యునల్ తలుపూ మూసుకోదు. ముట్టిన మూడు లక్షలను లెక్కలో తగ్గించమని అడుగుతారు, అంతే. కేసు పోయేది సాక్షులు మాట మార్చినప్పుడు. ముంబయిలో ఒకడు తాగి కారు తోలి ఏడుగురిని చంపితే, అది వట్టి నిర్లక్ష్యం కాదు, అంతకంటే పెద్ద నేరమని 2012లో సుప్రీంకోర్టు నిలబెట్టింది. అక్కడ రక్త పరీక్ష ఉంది. ఇక్కడ మీరు చెప్పిన ఏడు గంటలూ గడిచిపోయాయి. తాగి నడిపినందుకు వేసే పది వేల జరిమానా కూడా ఆ పరీక్ష లేక పోయినట్టే. మిగిలింది పాలాయన ఒక్కడే.

యానాం వాసి:
ఆ రోజు వాళ్లు ఎక్కడ కూర్చున్నారో తెలిస్తే చెప్పండి. చాలా బార్లలో కెమెరాలు ఉంటాయి. నాలుగు నెలల నాటిది ఉంటుందని నమ్మకం లేదు గానీ, బిల్లు ఫోన్లో కట్టి ఉంటే అది ఎక్కడికీ పోదు.

దస్తావేజుల లేఖరి:
చాలాసేపటి నుంచి చదువుతున్నాను. ఇలాంటి రాజీ కాగితాలు నా చేత్తో ఎనిమిదో తొమ్మిదో రాశాను. ఊరు చెప్పను. ‘ఎవరి బలవంతమూ లేకుండా, ఇరుపక్షాల పూర్తి ఇష్టంతో’ అన్న వాక్యం అన్నిటిలోనూ ఉంటుంది. అది రాసేటప్పుడు ఎదురుగా చాప మీద ఆ ఇల్లాలు తల దించుకుని కూర్చుని ఉంటుంది. మందు మాట రాయవద్దని ఎవరూ గట్టిగా చెప్పరు. ‘ఆ సంగతి ఇప్పుడెందుకు లెండి’ అంటారు. నేనూ ఎందుకులే అనుకుని కలం ముందుకు జరిపేవాడిని. పెళ్లాం బిడ్డలకు ఆ పూటకు ఏదో ఒకటి దక్కుతుంది కదా, కోర్టుకు వెళితే ఏళ్లు పడుతుంది కదా అని నాకు నేను చెప్పుకున్నాను. అది పూర్తిగా అబద్ధమూ కాదు. ప్లీడరుగారి పదిహేను లక్షలు వచ్చేలోపు పిల్లలు ఏం తింటారు?

ఒక్క సంగతి మాత్రం చెబుతాను. కాగితం సాధారణంగా ఒకే ప్రతి రాయిస్తారు, దాన్ని కారువాళ్లు పట్టుకుపోతారు. మీ అత్తయ్యగారి దగ్గర ప్రతి ఉందేమో చూడండి.

గట్టు సైకిల్:
లేదండీ. ఇందాకే అడిగాను. ఆ కాగితంలో ఏం రాశారో ఆమెకు ఎవరూ చదివి వినిపించలేదట. మూడు లక్షల్లో లక్షన్నర పాత అప్పులకే పోయింది.

రైతుగారూ, స్టిక్కర్ల మాట ఒప్పుకుంటున్నాను. మా పాలాయన క్యాన్లకు, నా సైకిల్‌కు ఈ రోజే అంటించాను. సభలో మాత్రం చేయి ఎత్తను. మా గట్టు మీదున్న మందు దుకాణాన్ని తీయించమని కూడా అదే సభలో అడుగుతాను, ఎవరు కలిసి వస్తారో చూడాలి.

ప్లీడరు గారూ, సోమవారం అమలాపురం వస్తే కలవడానికి వీలవుతుందా? అత్తయ్య వస్తానంది. పాలాయన ఊళ్లో పాలు పోసి తొమ్మిదికి బయలుదేరతానన్నాడు. ఎఫ్‌ఐఆర్ నకలు, పోస్టుమార్టం రిపోర్టు ఉన్నాయి. చెరువు యజమాని నెల నెలా కూలి రాసిన పుస్తకం కూడా తీసుకురావాలా?